“నా కాడ ఏటుంది దాసుకోడానికి?” అనే మనవాళ్లకి

ఆధార్ జెరాక్సు అడిగినోడికల్లా ఇవ్వకండి, ఫోన్లో ఏ యాపు ఏది అడిగినా ‘అలో’ నొక్కేయకండి అని చెప్తే మన వైపు వచ్చే జవాబు ఒకటే. “నా కాడ ఏటుంది బావూ దాసుకోడానికి? రెండెకరాల పల్లం, అరెకరం మెట్ట. దొంగపని సేసినోడు దాసుకోవాల గానీ నాకేటి?” టీ కొట్టు దగ్గర ఇదే మాట. రైతు సేవా కేంద్రం దగ్గర యూరియా లైన్లో ఇదే మాట. చదువుకున్న కుర్రాళ్లు కూడా ఇదే అంటున్నారు, కాకపోతే కొంచెం ఇంగ్లీషు కలిపి.

ఈ మాట తప్పు. పెద్దవాళ్లంటే గౌరవం ఉంచుకునే చెప్తున్నాను, శుద్ధ తప్పు. పోస్టు పెద్దదే, పనులయ్యాక తీరిగ్గా చదవండి.

ముందు ఒకటి అడుగుతాను. నూర్పులు అయ్యి కల్లంలో ధాన్యం ఉంది. దళారి బండి దిగాడు. “ఎన్ని బస్తాలు అయ్యాయి? బ్యాంకు బాకీ ఎప్పటికి కట్టాలి? అమ్మాయి సంబంధం కుదిరిందట కదా?” అని నవ్వుతూ అడుగుతాడు. మీరేం చెప్తారు? “సూద్దాం లెండి, ఇంకా తూకం వెయ్యలేదు” అంటారు. ఎందుకంటారు? శుక్రవారం లోపల మీకు యాభై వేలు కావాలని వాడికి తెలిస్తే బస్తాకి ఎంత తెగ్గోస్తాడో మీకు తెలుసు కాబట్టి. ఆవుని అమ్మేటప్పుడు ఎందుకు అమ్ముతున్నామో చెప్పం. పిల్లకి సంబంధం ఖాయం కాకముందు ఊళ్లో చెప్పం. ఎకరా కొందామని అనుకుంటున్నప్పుడు గట్టు పక్కోడికి కూడా చెప్పం. ఇవన్నీ దొంగపనులా?

దీన్ని మన పెద్దలు గుట్టు అన్నారు. ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అనలేదు. రావణుడికి సైన్యం తక్కువై లంక పోలేదు, లోపలి సంగతులు తెలిసినవాడు అవతలి పక్కకి వెళ్లాడు. పేపరోళ్లు రాసే గోప్యత, ప్రైవసీ అన్న మాటలు మనకి కొత్త గానీ గుట్టు కొత్త కాదు. మన అవసరం ఎంతో, మన బలం ఎంతో, మన బలహీనత ఎక్కడుందో ఎవరికి ఎంత తెలియాలనేది మన చేతిలో ఉండడమే గుట్టు. అది మన చేతిలోంచి జారిపోతే ధర అవతలివాడే కడతాడు.

ఇప్పుడు తేడా ఏమిటంటే, ఈ కొత్త దళారి బండి దిగి అడగడు. అడక్కుండానే పట్టుకుపోతాడు.

సరే, అసలు సంగతికి వస్తాను. మన రైతులకి నేరుగా తగిలిన దెబ్బ ఇది. భూమి అమ్మినా కొన్నా రిజిస్ట్రాఫీసులో వేలిముద్ర వేస్తాం. దస్తావేజు మీద పేరు, తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు, ఎంతకి అమ్మామో ఆ లెక్క, చాలా వాటి మీద ఆధార్ నంబరు కూడా ఉంటాయి. ఆ దస్తావేజులు స్కాన్ చేసి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లలో పెట్టారు. జనం సౌకర్యం కోసమే పెట్టారు, కాదనను. 2018లో తెలంగాణలో సిమ్ కార్డులు అమ్మే ఒకడు ఆ దస్తావేజులు దింపుకుని, వాటి మీది బొటనవేలి ముద్రలతో రబ్బరు ముద్రలు తయారు చేసుకుని, కంపెనీ ఇచ్చిన టార్గెట్ కోసం వేలాది సిమ్‌లు ఊరూ పేరూ తెలియని జనం పేర్ల మీద యాక్టివేట్ చేశాడు. హైదరాబాద్‌లో పోలీసులు పట్టుకుంటే గానీ ఆ సంగతి లోకానికి తెలియలేదు. వాడి ఇంట్లో రబ్బరు స్టాంపులు చేసే మిషనే ఉంది. అంతకు మించిన తెలివితేటలేమీ లేవు.

నాలుగేళ్లు తిరిగేసరికి అదే పని సిమ్‌ల నుంచి డబ్బుకి వచ్చింది. 2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. వాళ్లు మన ఆంధ్రా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు తీసి, ముద్రలు నకలు చేసి, వంద మందికి పైగా ఖాతాల్లోంచి లక్షల రూపాయలు లాగారు. ఓటీపీ లేదు. ఏటీఎం కార్డు లేదు. పిన్ను లేదు. లాగినవాడు ఖాతాదారుడిని చూసిందే లేదు.

ఎలా కుదిరిందంటారా? మన ఊళ్లో మినీ బ్యాంకు దగ్గర మామ్మ వేలు పెట్టి డబ్బులు తీసుకుంటుంది చూడండి, అదే మార్గం. దాన్ని ఏఈపీఎస్ అంటారు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర, ఈ మూడూ ఉంటే చాలు. ఒక్కసారికి పది వేల దాకా వస్తుంది. ముసలివాళ్లకి, చదువు రానివాళ్లకి పనికొచ్చే ఏర్పాటే. కానీ ఆ మూడింట్లో బ్యాంకు పేరు ఊహించొచ్చు, ఆధార్ నంబరు జెరాక్సు షాపులో దొరుకుతుంది, వేలిముద్ర దస్తావేజు మీద ఉంది. పైగా భూమి అమ్మి డబ్బు వచ్చినవాడెవడో, ఎంత వచ్చిందో కూడా అదే కాగితం చెప్తుంది. దొంగకి ఇంటి తాళం, ఇంటి పటం, బీరువాలో ఎంతుందో చీటీ, మూడూ ఒకే కవరులో అందాయి.

“నా కాడ ఏటుంది” అన్నవాళ్లని ఇక్కడ నిలబెట్టి అడుగుతున్నాను. మీ దగ్గర వేలు ఉంది. అది చాలు వాడికి. పిన్ను తెలిసిపోతే పిన్ను మార్చుకోవచ్చు. కార్డు పోతే కొత్త కార్డు వస్తుంది. బొటనవేలు ఎవడిస్తాడు మార్చి? ఏకలవ్యుడు ఒకసారే ఇచ్చాడు. మనం వారానికొకసారి, అడిగినోడికల్లా, దేనికో కూడా అడక్కుండా ఇస్తున్నాం. “ఒకసారి పడలేదమ్మా, ఇంకోసారి పెట్టు” అంటే ఇంకోసారి పెడతాం. మొదటిసారి నిజంగానే పడలేదా, పడి డబ్బు వచ్చిందా అని అడిగేవాళ్లు ఎంతమంది? చేతికి రసీదు తీసుకునేవాళ్లు ఎంతమంది?

“గవర్నమెంటు కాడ భద్రంగా ఉంటాది లే” అనేది రెండో మాట. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో కలిపి 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా బయట పడి ఉన్నాయని అందులో లెక్క. ఆ నాలుగింట్లో రెండు మన రాష్ట్రానివే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. అంటే మన గట్టు పనికి వెళ్లిన ఆడవాళ్ల నంబర్లు, చనిపోయిన కూలీల ఇళ్ల నంబర్లు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో 1.34 లక్షల మంది ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, మతం వివరాలు బయటే ఉన్నాయని శ్రీనివాస్ కొడాలి అనే హైదరాబాద్ పరిశోధకుడు చూపించాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఫలానా కులంవాళ్లు, ఫలానా మతంవాళ్లు ఎక్కడెక్కడున్నారని ఏరి జాబితా తీసుకునే వీలు. ఊళ్లు బాగున్నన్ని రోజులూ అది కాగితం. గొడవ వచ్చిన రోజున అది ఏమవుతుందో వేరే చెప్పాలా?

హ్యాకింగ్ అని పెద్ద మాట అక్కర్లేదు వీటిలో. ఎవరూ గోడ దూకలేదు. తలుపు తీసి పెట్టి ఉంది, అంతే.

ఆ ఏడే జూన్‌లో అన్న సంజీవిని మందుల షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో ఫోన్ నంబర్లతో సహా ఒక ప్రభుత్వ వెబ్‌సైట్లో కనపడింది. దీన్ని కూడా “ఏటవుద్ది” అని నవ్వేసినవాళ్లున్నారు. నవ్వేవాళ్లు ఒకసారి ఉద్దానం రావాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఇంటికొకరికి క్రియాటినిన్ లెక్క నోటికి వచ్చు. ఆ లెక్క బయటపడితే ఆ ఇంటి ఆడపిల్లకి సంబంధం వెనక్కి పోతుందని భయపడే తల్లిదండ్రులు ఎంతమంది ఉన్నారో అక్కడివాళ్లకి తెలుసు. జీడితోట మీద అప్పు ఇచ్చేవాడు కూడా మనిషి ఎన్నాళ్లుంటాడో చూసుకునే ఇస్తాడు. ఆ రిపోర్టు ఫొటో తీసి “ఎవరైనా మంచి డాక్టరు ఉంటే చెప్పండి” అని రెండొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. పెట్టినవాడి ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కాగితం మీద పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. పేరున్న ముక్క మడిచి ఫొటో తియ్యొచ్చు కదా. ఒక్క మడత.

లోన్ యాపుల సంగతి చాలామందికి తెలుసు, తెలిసినా ఎందుకో ప్రైవసీతో ముడిపెట్టి చూడరు. ఆ యాపు వేసుకోగానే మూడు అడుగుతుంది. కాంటాక్టులు చూడనియ్యి, ఫొటోలు చూడనియ్యి, మెసేజీలు చదవనియ్యి. అవసరంలో ఉన్నవాడు మూడింటికీ ‘అలో’ నొక్కుతాడు. వాడు తాకట్టు పెట్టింది పుస్తెలో పాసుపుస్తకమో కాదు, ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు, బంధువులందరి నంబర్లు. 2024 డిసెంబరులో విశాఖలో పెళ్లయి రెండు నెలలు కూడా తిరగని కుర్రాడు, రెండు వేల రూపాయల బాకీ దగ్గర, భార్య ఫొటోని మార్చి తెలిసినవాళ్లందరికీ పంపారని ప్రాణం తీసుకున్నాడు. రెండు వేలు. ఆ ఇంటి ముందు నిలబడి “దాసుకోడానికి ఏటుంది” అని అనగలరా ఎవరైనా? మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి దాంట్లో ఇరుక్కుంటే తిట్టకండి. అప్పు తీర్చొచ్చు. ముందు మనిషిని కూర్చోబెట్టి మాట్లాడి, 1930కి ఫోన్ చెయ్యండి.

అవతలి ఫోన్లో ఎవరున్నారో కూడా చెప్పాలి. 2024 మేలో కాంబోడియా సంగతి బయటపడింది. డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పి ఏజెంట్లు మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లని కూడా తీసుకెళ్లి, అక్కడ గదుల్లో పెట్టి, మన దేశంలోని జనానికే ఫోన్లు చేయించి మోసం చేయించారు. విశాఖ పోలీసులు కేసు పెట్టి ఏజెంట్లని పట్టుకున్నారు, కుర్రాళ్లు కొంతమంది తిరిగొచ్చారు. తెలుగులో మన యాసలో మాట్లాడి నమ్మించడానికే తెలుగు కుర్రాళ్లు కావాల్సి వచ్చింది. “వాడికి నా పేరెలా తెల్సు, నా బ్యాంకెలా తెల్సు, అందుకే నమ్మేసినాను” అని మోసపోయిన ప్రతివాడూ అంటాడు. ఎలా తెలుస్తుందంటే ఇలాగే. ఇక్కడో నంబరు, అక్కడో జెరాక్సు, లక్కీడ్రాలో నింపిన చీటీ. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు కూడా రైతుల ఫోన్లనే వెతుక్కుంటూ వస్తుంది. దాన్ని నొక్కితే మీ మెసేజీలు వాడు చదువుతాడు, ఓటీపీ మీరు చెప్పక్కర్లేదు. పీఎం కిసాన్ డబ్బు రావడానికి వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఏదీ నొక్కనక్కర్లేదు. ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి.

రాజకీయం మాట్లాడను అనుకున్నాను గానీ ఇది ముట్టుకోకపోతే అన్యాయం. 2019 ఎన్నికల ముందు, మార్చిలో, తెలుగుదేశం పార్టీకి సేవామిత్ర యాపు చేసిన ఐటీ గ్రిడ్స్ కంపెనీ మీద ఓటర్ల వివరాల గురించి తెలంగాణలో కేసు పెట్టారు. ఆధార్ సంస్థ కూడా ఫిర్యాదు ఇచ్చింది. పార్టీ కాదంది. 2023 జూలైలో వాలంటీర్లు ఇంటింటి వివరాలు సేకరిస్తున్నారని, అవి ఎటు పోతున్నాయని పవన్ కల్యాణ్ అడిగితే పెద్ద రగడ అయింది. అప్పటి వైసీపీ ప్రభుత్వం కాదంది. నిజం ఎంతో కోర్టులు తేల్చాలి. నేననేది వేరు. తమ వంతు రాగానే ప్రతి పార్టీవాడూ అవతలివాడు జనం వివరాలు ఎత్తుకుపోయాడని గుండెలు బాదుకున్నాడు. మన దగ్గర దాచడానికి ఏమీ లేకపోతే వాళ్లు అంతగా కొట్టుకోవడం దేనికి? మీ ఇంట్లో ఎవరికి పింఛను వస్తుంది, ఎవరికి రాలేదు, ఎవరికి కోపం ఉంది, ఎవరు అటూ ఇటూ ఉన్నారు, ఇదంతా వాళ్లకి పంటే. మన పొలంలో వాళ్ల కోత.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది, దాటవెయ్యను. “వేలిముద్ర వచ్చాకే కదా మన డబ్బు మధ్యవర్తి తినకుండా ఖాతాలో పడుతోంది? ఉపాధి హామీ జాబితా గ్రామసభలో పైకి చదివితేనే కదా దొంగ పేర్లు దొరికాయి?” నిజం. సామాజిక తనిఖీ మన రాష్ట్రంలోనే 2006 నుంచి గట్టిగా నడిచింది, దానివల్ల మేలు జరిగింది. నేను కూడా అడంగల్ ఆన్‌లైన్‌లో చూసుకునేవాడినే. కానీ గ్రామసభలో చదివింది పేరు, పనిదినాలు, కూలి. విన్నది ఊరు. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, వేలిముద్ర చదవలేదు, ప్రపంచం మొత్తానికి వినిపించలేదు. ఖర్చుపెట్టే ఆఫీసు లెక్కలు నలుగురికీ తెలియాలి, మన ఇంటి తాళం నలుగురికీ తెలియకూడదు. మన దగ్గర ఇది తలకిందులుగా నడుస్తోంది. రోడ్డు బిల్లు అడిగితే అర్జీ పెట్టుకో అంటారు, మన బొటనవేలు మాత్రం వెబ్‌సైట్లో పెడతారు.

ఈ గుట్టు సంగతి సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది కూడా ఢిల్లీ బాబులు కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌సింగ్ అనే మనిషి మీద దోపిడీ కేసు పెట్టారు, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు, చౌకీదార్లు అర్ధరాత్రి తలుపు కొట్టడం, ఎక్కడికెళ్తున్నావని వెంటబడడం మానలేదు. 1962లో తీర్పు వచ్చింది. రాత్రి ఇంటికి రావడం తప్పన్నారు గానీ గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నారు ఎక్కువమంది జడ్జీలు. కాదు, అది మనిషి స్వేచ్ఛలో భాగమే అని విడిగా తీర్పు రాసినది మన రాజమండ్రి మనిషి, జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన మాట నెగ్గడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. తెలుగువాడు ముందు చెప్పిన మాటని తెలుగువాళ్లమే “మనకెందుకు” అంటున్నాం.

హక్కు వచ్చింది, 2023లో చట్టం కూడా వచ్చింది. కంపెనీ మన వివరాలు పోగొడితే 250 కోట్ల దాకా జరిమానా అని రాశారు. వినడానికి బాగుంది. ఆ జరిమానా ఖజానాకి వెళ్తుంది, డబ్బు పోయిన రైతుకి అందులోంచి పైసా రాదు. పైగా ప్రభుత్వం తన సంస్థలకి తానే మినహాయింపు ఇచ్చుకోవచ్చు. కాబట్టి చట్టం ఉంది కదా అని నిద్రపోయే వీలు లేదు.

ఇప్పుడే ఎందుకింత గోల అంటారా? రైతుకి 11 అంకెల గుర్తింపు నంబరు వచ్చింది కదా. ఆధార్, భూమి, వేసిన పంట అన్నీ దాని కింద చేరుతున్నాయి. పని సులువవుతుందంటున్నారు, అవ్వాలనే కోరుకుంటున్నాను, నమోదు చేయించుకోవద్దని నేననడం లేదు. కానీ 2021లోనే కేంద్ర వ్యవసాయ శాఖ మైక్రోసాఫ్ట్‌తో ఆరు రాష్ట్రాల్లో వంద గ్రామాలకి ఒప్పందం చేసుకుంది. ఆ ఆరింట్లో మన రాష్ట్రం ఒకటి. అప్పుడు రైతు సంఘాలు అడిగిన ప్రశ్నే ఇప్పుడూ ఉంది. ఈ వివరాలు ఎవరు చూస్తారు? విత్తనాల కంపెనీ చూస్తుందా, పురుగుమందుల కంపెనీ చూస్తుందా, ధాన్యం కొనేవాడు చూస్తాడా? మండలంలో ఎన్ని ఎకరాలు మొక్కజొన్న ఉందో, ఎవరికెంత అప్పుందో కోతకి నెల ముందే కొనేవాడికి తెలిస్తే, కల్లంలో “సూద్దాం లెండి” అనడానికి మీకు ఏం మిగులుతుంది? గ్రామసభ పెట్టినప్పుడు ఈ ఒక్క ప్రశ్న వ్యవసాయ సహాయకుడినో మండల అధికారినో నిలబడి అడగండి. జవాబు తెలియదంటే తెలియదని రాసిమ్మనండి.

మన చేతిలో ఉన్నది కొంత ఉంది. ఆధార్‌లో వేలిముద్రకి తాళం వేసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఎంఆధార్ యాపులో ఉంటుంది. తాళం వేశాక ఎవడి దగ్గర మీ ముద్ర ఉన్నా డబ్బు రాదు. ఒక్క జాగ్రత్త, తాళం ఉన్నంతసేపు రేషన్ డిపోలో మీ వేలు కూడా పడదు, డబ్బు తీసుకోవడానికీ పడదు. అవసరం ఉన్న రోజు తీసి, పని అయ్యాక మళ్లీ వెయ్యాలి. మోటారు స్విచ్చు లాగే. జెరాక్సు ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్ ఆధార్ ఇవ్వండి, ఒప్పుకోకపోతే కాగితం మీద అడ్డంగా ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇచ్చారో రాసి ఇవ్వండి. ఖాతాలో డబ్బు మీకు తెలియకుండా పోతే అదే రోజు 1930కి ఫోన్ చేసి, బ్యాంకులో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాడు లాగిన డబ్బు గురించి మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెప్తే నష్టం ఖాతాదారుడి మీద వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే చెప్పింది. మేనేజరు తెలియదంటే ఈ మాట గుర్తుచెయ్యండి.

ఆదివారం సాయంత్రం రామమందిరం అరుగు మీద కూర్చుంటాను. తాళం ఎలా వెయ్యాలో తెలియనివాళ్లు ఫోన్లు పట్టుకుని రండి, మీ చేతే వేయిస్తాను, నా చేతికి ఫోన్ ఇవ్వక్కర్లేదు. ఇంట్లో ముసలివాళ్లని కూడా తీసుకురండి. వచ్చే ముందు వాళ్ల ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు ఎక్కి ఉందో చూసుకోండి. చాలామందికి ఎప్పుడో పారేసిన సిమ్ నంబరో, వలస వెళ్లిన కొడుకు నంబరో ఉంటోంది. ఓటీపీ ఆ నంబరుకే వెళ్తుంది. అలాంటివాళ్లు ముందు ఆధార్ సెంటరుకి వెళ్లి నంబరు మార్పించుకోవాలి.